స్పీడోమీటరు ఎక్కువ చూపిస్తే మరమ్మతు చేయించాలా?

ప్రశ్న: మాది సూర్యాపేట. ఐదేళ్ల క్రితం కొన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ కారు నడుపుతున్నాను. టైర్లు కంపెనీ వేసి ఇచ్చినవే. సైజు 185/65 ఆర్15. హైదరాబాదు వెళ్లేటప్పుడు మీటరులో ముల్లు 100 మీద నిలిచి ఉంటే, పక్కన కూర్చున్న మా అబ్బాయి ఫోనులోని మ్యాపు మాత్రం 93 అని చూపిస్తోంది. షోరూములో అడిగితే "అన్ని బళ్లూ అంతేనండీ" అని పంపించేశారు. టైర్ల దుకాణంలో ఒక సైజు పెద్దవి, అంటే 195/65 వేయించుకుంటే సరిపోతుందన్నారు. తెలిసిన మెకానిక్కు ఒకరు మీటరు విప్పి ముల్లు సరిచేస్తానంటున్నారు. ఎవరి మాట వినాలి? వేగమే తప్పు చూపిస్తుంటే, ఇన్నాళ్లూ నేను వేసుకున్న మైలేజీ లెక్క కూడా తప్పేనా? నిజానికి నేను 93లోనే పోతున్నాను కనుక, 100 పరిమితి ఉన్న చోట ముల్లును 107 దాకా పోనివ్వవచ్చా?

– ఒక పాఠకుడు, సూర్యాపేట

సమాధానం: షోరూములో మీకు చెప్పిన మాట నిజమే గాని, కారణం చెప్పకుండా పంపించడం వల్లే మీకు ఇన్ని సందేహాలు మిగిలాయి. మీ కారు మీటరు పాడవలేదు. దాన్ని విప్పించవద్దు. టైర్లు మార్చాల్సిన సమయం వచ్చి ఉంటే అదే సైజు వేయించుకోండి; మీటరును సరిచేయడం కోసం పెద్ద సైజు టైర్లు మాత్రం వేయించవద్దు. ఎందుకో ఇప్పుడు వివరంగా చూద్దాం.

కారు రోడ్డు మీద ఎంత వేగంగా పోతోందో కారుకు నేరుగా తెలియదు. దానికి తెలిసేది చక్రం సెకనుకు ఎన్నిసార్లు తిరుగుతోందన్నది ఒక్కటే. ఇప్పటి కార్లలో చక్రం దగ్గర పళ్లతోనో, అయస్కాంతపు గుర్తులతోనో ఉన్న ఒక వలయం తిరుగుతుంటుంది. దాని ఎదురుగా బిగించిన సెన్సరు ఒక్కొక్క గుర్తు దాటినప్పుడల్లా ఒక విద్యుత్ సంకేతం పంపుతుంది. ఏబీఎస్ బ్రేకుల కోసం, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు కోసం, పెట్టిన ఈ సెన్సర్లే చాలా కార్లలో స్పీడోమీటరుకు కూడా లెక్క అందిస్తాయి. కొన్ని కార్లలో ఈ లెక్క గేరుబాక్సు నుంచి వస్తుంది. ఆ తిరుగుళ్లను టైరు చుట్టుకొలతతో హెచ్చిస్తే వేగం వస్తుంది. చిక్కంతా ఆ చుట్టుకొలత దగ్గరే ఉంది. కంపెనీ కంప్యూటరులో నింపిన చుట్టుకొలత ఒక్కటే, అది మారదు. రోడ్డు మీద నలిగే టైరు చుట్టుకొలత మాత్రం రోజులు గడిచేకొద్దీ తగ్గుతూనే ఉంటుంది.

మీ టైరు లెక్కే తీసుకుందాం. 185/65 ఆర్15 అంటే టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, అంటే 120 మిల్లీమీటర్ల పైచిలుకు, రిమ్ము వ్యాసం 15 అంగుళాలు. ఇవన్నీ కలిపితే టైరు మొత్తం వ్యాసం 621.5 మిల్లీమీటర్లు అవుతుంది. కొత్త టైరులో గాడుల లోతు మామూలుగా 8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఐదేళ్లు తిరిగిన మీ టైర్లలో అది 3 మిల్లీమీటర్లకు వచ్చిందనుకుంటే, రెండు వైపులా కలిపి వ్యాసంలో 10 మిల్లీమీటర్లు పోయినట్లు. అంటే టైరు 1.6 శాతం చిన్నదైంది. చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువసార్లు తిరగాలి. ఎక్కువసార్లు తిరిగితే కారు మరింత వేగంగా పోతోందని మీటరు అనుకుంటుంది. మీరు చూస్తున్న 7 కిలోమీటర్ల తేడాలో ఒకటిన్నర కిలోమీటరు ఇలా అరుగుదల వల్ల వచ్చి చేరిందే కావచ్చు. కారు కొన్న కొత్తలో ఇదే పరీక్ష చేసి ఉంటే ఫోను 94, 95 చూపించి ఉండేది. మీటరు అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే; తగ్గింది టైరు.

మిగిలిన తేడా కంపెనీ తెలిసి పెట్టినది. కార్ల స్పీడోమీటర్ల మీద ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో రూపొందిన 39వ నిబంధన ఒకటుంది. ఐరోపాతో పాటు అనేక దేశాలు దాన్ని పాటిస్తాయి. దాని ప్రకారం మీటరు చూపించే వేగం అసలు వేగం కంటే ఎప్పుడూ తక్కువగా ఉండకూడదు. ఎక్కువ చూపించవచ్చు గాని, ఆ ఎక్కువ అసలు వేగంలో పదో వంతుకు మరో 4 కిలోమీటర్లు కలిపితే వచ్చేదాన్ని మించకూడదు. అసలు వేగం 93 అయితే మీటరు 106 దాకా చూపించినా ఆ నిబంధనకు లోబడి ఉన్నట్లే. మన దేశంలో కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 117వ నియమం స్పీడోమీటరును తప్పనిసరి చేసింది. ఒకే నమూనా కారును అనేక దేశాలలో అమ్ముకునే కంపెనీలు మీటరును ఎక్కడైనా ఎక్కువ వైపుకే మొగ్గేలా తయారుచేస్తాయి. ఉదయం బస్సు తప్పిపోకూడదని ఇంట్లో గోడ గడియారాన్ని ఐదు నిమిషాలు ముందుకు పెట్టుకోవడం లాంటిదే ఇదీ.

ఖచ్చితంగా చూపించేలా ఎందుకు చేయరు అని మీరు అడగవచ్చు. టైరు అరుగుతుంది, గాలి తగ్గుతుంది, అయిదుగురు ఎక్కి డిక్కీలో సామాను వేస్తే టైరు కాస్త నొక్కుకుంటుంది. ఒకే సైజు ముద్ర ఉన్న టైర్లు కూడా కంపెనీకీ కంపెనీకీ ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడాగా ఉంటాయి. అరిగిన టైరుతో సరిగ్గా చూపించేలా మీటరును అమర్చితే, రేపు కొత్త టైరు వేయగానే అది అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. డ్రైవరు పరిమితిలోనే ఉన్నాననుకుంటూ పరిమితి దాటిపోతాడు. ఆ పరిస్థితి ఏ టైరుతోనూ, ఏ బరువుతోనూ రాకూడదంటే మొదటి నుంచీ కొంత ఎక్కువ వైపుకు జరిపి ఉంచడం తప్ప వేరే దారి లేదు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి వచ్చినవారు అక్కడి కార్లలో మీటరూ ఫోనూ దాదాపు ఒకేలా చూపించాయని చెబుతుంటారు. అక్కడ ఈ 39వ నిబంధన అమలులో లేదు గనుక కంపెనీలు మీటరును అసలు వేగానికి దగ్గరగా ఉంచుతాయి. దాని ఫలితంగా అక్కడ మీటరు ఒక్కొక్కసారి తక్కువ చూపించే అవకాశం కూడా ఉంటుంది.

అంబాసిడరు, పాత మారుతి 800 నడిపినవారికి ముల్లు వణకడం గుర్తుండే ఉంటుంది. ఆ మీటర్లలో గేరుబాక్సు నుంచి వచ్చే కేబులు ఒక అయస్కాంతాన్ని తిప్పేది. అది తిరుగుతూ అల్యూమినియం గిన్నె ఒకదాన్ని తనతో లాగేది. సన్నని స్ప్రింగు ఆ గిన్నెను వెనక్కి పట్టి ఉంచేది. ఆ లాగుడుకూ ఈ పట్టుకూ మధ్య ముల్లు ఎక్కడ ఆగితే అదే వేగం. జర్మనీకి చెందిన ఒట్టో షుల్జె 1902లో పేటెంటు పొందిన ఈ పద్ధతి దాదాపు శతాబ్దం పాటు రాజ్యమేలింది. అందులో అయస్కాంతం బలం తగ్గినా, స్ప్రింగు అలసినా, కేబులుకు గ్రీజు ఎండిపోయినా వేగం తప్పేది. అలాంటి మీటరును నిజంగానే మెకానిక్కు విప్పి సరిచేయవలసి వచ్చేది. మీ మెకానిక్కు మాటకు మూలం బహుశా ఆ అనుభవమే. మీ కారులోని మీటరుకు ఆ వైద్యం పనికిరాదు.

ఎందుకు పనికిరాదో ఒక లెక్కతో చూడండి. మీటరు చూపించే తేడా అన్ని వేగాల దగ్గరా ఒకేలా ఉండదు, వేగంతో పాటు పెరుగుతుంది. 100 దగ్గర 7 కిలోమీటర్లు ఎక్కువ చూపించే మీటరు 40 దగ్గర 3 కిలోమీటర్లు మాత్రమే ఎక్కువ చూపిస్తుంది. మెకానిక్కు ముల్లును పీకి, ఏడు గీతలు వెనక్కి పెట్టి మళ్లీ బిగించాడనుకోండి. 100 దగ్గర సరిగ్గా కుదురుతుంది. కాని బడి ముందు మీరు అసలు 37లో పోతున్నప్పుడు, ఇంతకుముందు 40 చూపించిన ముల్లు ఇప్పుడు 33 చూపిస్తుంది. అంటే ఎక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలో అక్కడే మీటరు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. పైగా కిలోమీటర్ల రీడింగు నిల్వ ఉండేది ఆ పరికరంలోనే. దాన్ని విప్పిన ఆనవాళ్లు ఉంటే రేపు కారు అమ్మేటప్పుడు కొనేవారికి రీడింగు తిప్పారేమో అన్న అనుమానం రావడం సహజం.

పెద్ద టైరు విషయానికి వద్దాం. 195/65 ఆర్15 వ్యాసం 634.5 మిల్లీమీటర్లు. అది మీ సైజు కొత్త టైరు కంటే 2 శాతం, ఇప్పుడున్న అరిగిన టైరు కంటే దాదాపు 4 శాతం పెద్దది. వేయించుకుంటే ముల్లు 100 చూపించినప్పుడు ఫోను 96, 97 చూపిస్తుంది. దుకాణదారు చెప్పినట్లు తేడా సగానికి తగ్గిపోయిందని మీకు సంతోషం కలుగుతుంది. అయితే అందులో దాదాపు సగం మీ సొంత సైజు కొత్త టైరుతో ఎలాగూ వచ్చేదే. ఏ ఖర్చూ ఏ ఇబ్బందీ లేకుండా 94, 95 దాకా అదే వచ్చేస్తుంది. మిగిలిన ఆ రెండు కిలోమీటర్ల కోసం స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడో, బండి నిండా మనుషులున్నప్పుడో టైరు మడ్‌గార్డు లోపలి అంచుకు రాసుకునే అవకాశాన్ని కొనితెచ్చుకుంటారు. చక్రం పెద్దదైతే గేరు బరువెక్కినట్లయి, ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఇంజను కాస్త మందగిస్తుంది. కంపెనీ చెప్పని సైజు వేస్తే వారంటీ దగ్గర, బీమా దగ్గర వాదనకు తావిచ్చినట్లు అవుతుంది. మీ కారుకు ఏయే సైజులు ఆమోదించారో డ్రైవరు తలుపు పక్క స్తంభం మీద స్టిక్కరులోనో, కారుతో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. అందులో ఉన్న సైజు ఏదైనా నిశ్చింతగా వేయించవచ్చు.

ఇక మైలేజీ. ముల్లు చూపించే వేగమూ, ఓడోమీటరు కూడబెట్టే కిలోమీటర్లూ ఒకే సెన్సరు నుంచి వచ్చినా, రెండింటినీ లెక్కగట్టే పద్ధతి వేరు. వేగానికి కలిపే ఆ అదనపు శాతాన్ని చాలా కంపెనీలు కిలోమీటర్లకు కలపవు. అందువల్ల వేగం 7 శాతం ఎక్కువ చూపించినంత మాత్రాన మీ కారు కిలోమీటర్లను కూడా 7 శాతం ఎక్కువగా రాసుకుంటోందని అనుకోనక్కర్లేదు. అయితే టైరు అరుగుదల రెండింటికీ తగులుతుంది. మీ లెక్కలో లీటరుకు 18 కిలోమీటర్లు వస్తున్నాయంటే, 1.6 శాతం అరుగుదల తీసేస్తే అసలు 17.7 వస్తున్నాయన్నమాట. అది పెద్ద తేడా కాదు. కాని ఇక్కడ ఒక విషయం చెప్పి తీరాలి, ఎందుకంటే దీని మీద తరచుగా ఉత్తరాలు వస్తుంటాయి. కొత్త టైర్లు వేయించిన నెల రోజులకే "మైలేజీ పడిపోయింది, ఇంజనుకు ఏదో అయింది" అని బాధపడేవారు చాలామంది ఉన్నారు. కొత్త టైరు రబ్బరు కొంత పెట్రోలు అదనంగా తాగే మాట నిజమే. దానితో పాటు, అదే రోడ్డు మీద అదే దూరానికి ఓడోమీటరు ఇప్పుడు తక్కువ కిలోమీటర్లు రాస్తుంది గనుక కాగితం మీద మైలేజీ ఇంకా తగ్గినట్లు కనిపిస్తుంది. పెద్ద సైజు టైరు వేస్తే ఆ భ్రమ రెట్టింపు అవుతుంది. సర్వీసింగు కూడా మీకు తెలియకుండానే ప్రతిసారీ కొంత ఆలస్యమవుతుంది.

ఫోను చెప్పింది నమ్మవచ్చా అంటే, సరైన పరిస్థితులలో నమ్మవచ్చు. ఉపగ్రహాల నుంచి వచ్చే తరంగాలలో కారు కదలిక వల్ల కలిగే సూక్ష్మమైన మార్పును పట్టి ఫోను వేగాన్ని గణిస్తుంది. ఆకాశం తెరిపిగా ఉన్న నిటారు రోడ్డు మీద, వేగం నిలకడగా ఉన్నప్పుడు దాని లెక్క చాలా వరకు సరైనది. వేగం పెంచుతున్నప్పుడూ, బ్రేకు వేస్తున్నప్పుడూ అది ఒకటి రెండు సెకన్లు వెనకబడుతుంది. ఫ్లైఓవరు కింద, ఎత్తైన భవనాల నడుమ గందరగోళపడుతుంది. కాబట్టి ఒకసారి చూసిన అంకెతో తీర్మానానికి రాకుండా కాస్త ఓపికగా పరీక్షించండి. ముందు రోజు రాత్రి బండిని ఆపి ఉంచి, ఉదయం టైర్లు చల్లగా ఉండగానే స్టిక్కరులో చెప్పినంత గాలి పట్టించండి. రద్దీ లేని వేళ కొర్లపహాడ్ టోల్‌ప్లాజా దాటాక వచ్చే నిటారు భాగంలో ముల్లును 40, 60, 80, 100 దగ్గర ఒక్కొక్కచోట అర నిమిషం పాటు కదలకుండా ఉంచి, ఫోనులో ఎంత ఉందో మీ అబ్బాయి చేత రాయించండి. ఫోను చూసే పని ఆయనది, రోడ్డు చూసే పని మీది. తిరుగు ప్రయాణంలో మరోసారి రాయించి రెండింటి సగటు తీసుకోండి.

ఫోను మీద పూర్తి నమ్మకం లేకపోతే రాళ్లు ఉన్నాయి. ముల్లును 80 మీద నిలిపి, ఒక కిలోమీటరు రాయి దగ్గర మొదలుపెట్టి ఆ తర్వాతి పది రాళ్లు దాటడానికి పట్టే సమయాన్ని సెకన్లలో కొలిచి, 36,000ను ఆ సెకన్లతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. సరిగ్గా 80లో పోతే 450 సెకన్లు పడుతుంది. మీ కారుకు 483 సెకన్లు, అంటే 8 నిమిషాల 3 సెకన్లు పట్టిందంటే అసలు వేగం 74.5 అన్నమాట, మీ ఫోను చెబుతున్న తేడాతో అది సరిగ్గా సరిపోతుంది. ఒక్క కిలోమీటరుతో పరీక్షించవద్దు, ఎందుకంటే రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొన్ని రాళ్లు జరిగి ఉంటాయి. పది కిలోమీటర్లలో ఆ లోపం చాలా వరకు తగ్గిపోతుంది. అదే పరుగులో ట్రిప్ మీటరును సున్నా చేసి పెట్టుకుంటే ఓడోమీటరు సంగతి కూడా తేలిపోతుంది.

మీ చివరి ప్రశ్నకు సమాధానం చెప్పే ముందు కాస్త ఆలోచించాను, ఎందుకంటే అంకెల ప్రకారం మీ వాదనలో తప్పులేదు. పోలీసుల స్పీడ్ గన్ మీ ముల్లును చూడదు, అసలు వేగాన్నే చూస్తుంది. మీటరు 107 చూపించినప్పుడు మీ అసలు వేగం 99.5 అయితే చలానా రాదు. అయినా వద్దనే చెబుతాను. ఒక కారణం, మీరు కొత్త టైర్లు వేయించిన రోజునుంచే అదే 107 దగ్గర అసలు వేగం 101 దాటుతుంది. పాత లెక్క గుర్తుపెట్టుకుని నడిపితే పరిమితి దాటిన సంగతి మీకు చలానా వచ్చాక గాని తెలియదు. 2019 సవరణ తర్వాత కార్లకు ఆ జరిమానా వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు. ఇంతకంటే ముఖ్యమైనది రెండో కారణం. బ్రేకు వేశాక బండి ఆగే దూరం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 93 నుంచి 100కు పెంచితే వేగం ఏడున్నర శాతమే పెరుగుతుంది గాని, ఆగే దూరం 15 శాతానికి పైగా పెరుగుతుంది. మీరు తిరిగే 65వ నంబరు జాతీయ రహదారి పక్కన ఊళ్లున్నాయి. డివైడరు మీదుగా మనుషులు దాటుతుంటారు, ట్రాక్టర్లు ఎదురు దారిలో వస్తుంటాయి. కంపెనీ మీకు మిగిల్చి పెట్టిన ఆ ఏడు కిలోమీటర్లను దయచేసి అలాగే మిగలనివ్వండి.

మీటరు గురించి నిజంగా ఆందోళన పడవలసిన సందర్భాలు వేరే ఉన్నాయి. ఫోను చూపించే వేగం కంటే ముల్లు తక్కువ చూపిస్తుంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు. ఎవరో పెద్ద టైర్లు వేసి ఉంటారు, లేదా వేరే నమూనా కారు మీటరు బిగించి ఉంటారు. పాత కారు కొన్నవారు ఇది ముందుగా చూసుకోవాలి. టైర్లు మార్చకుండానే తేడా ఉన్నట్టుండి పెరిగినా, ముల్లు ఉండుండి సున్నాకు పడిపోయినా, దానితో పాటు ఏబీఎస్ దీపం వెలిగినా చక్రం దగ్గరి సెన్సరునో దాని వైరునో అనుమానించాలి. అప్పుడు పాడైంది మీటరు ఒక్కటే కాదు, జారుడు రోడ్డు మీద మిమ్మల్ని కాపాడవలసిన బ్రేకు వ్యవస్థ కూడా పని మానేసి ఉండవచ్చు. సెన్సరు మీద చేరిన బురదను శుభ్రం చేయడంతోనే కొన్నిసార్లు సరిపోతుంది. ఆమోదించిన సైజులలోనే ఒకదాని నుంచి మరొకదానికి మారినవారికి, కొన్ని కార్లలో కంపెనీ సర్వీసు కేంద్రంలోని కంప్యూటరు ద్వారా టైరు చుట్టుకొలతను మార్చే వీలుంటుంది. ఎలక్ట్రానిక్ మీటర్లకు న్యాయమైన దిద్దుబాటు అదే. మధ్యలో వేరే పరికరం అతికించి సంకేతాన్ని తగ్గించే పద్ధతిని నేను సిఫారసు చేయను, ఎందుకంటే అదే సంకేతాన్ని నమ్ముకుని కారులో మరికొన్ని వ్యవస్థలు నడుస్తుంటాయి.

మీ విషయంలో చేయవలసింది కొంచెమే. టైర్ల గాడుల లోతు కొలిపించండి. చట్టం ఒప్పుకునే 1.6 మిల్లీమీటర్ల దాకా ఆగకుండా, 3 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తే వానాకాలానికి ముందే అదే 185/65 ఆర్15 సైజులో నాలుగూ మార్పించండి. మార్పించిన వారంలో పైన చెప్పిన పరీక్ష మళ్లీ చేసి, 40, 60, 80, 100 దగ్గర వచ్చిన అంకెలను, తేదీని, ఓడోమీటరు రీడింగును, పట్టించిన గాలిని సర్వీసు పుస్తకం చివరి పేజీలో రాసిపెట్టండి. ఎప్పుడైనా ఈ తేడా అనుకోకుండా మారితే, లోపం టైరులో ఉందా సెన్సరులో ఉందా అన్నది మెకానిక్కు ఆ పేజీ చూసి తేల్చగలుగుతాడు.